ఎంగిలి చెయ్యి

పులిహోర గుండిగ దించి, పోపు కలిపి, పైన విస్తరాకు కప్పబోతుండగా శ్రీపాదకు అనుమానం వచ్చింది. పోపు ఘాటుకు గొంతు గరగరలాడింది కదా, అప్పుడు తాను దగ్గాడా? దగ్గలేదు. దగ్గు రాబోతుంటే ఆపుకున్నాడు. ఆపుకున్నట్టే గుర్తు. నోటికి కట్టుకున్న గుడ్డ జారలేదు. జారలేదనే అనుకుంటున్నాడు. కానీ ఒక్క తుంపర, ఆవగింజలో సగమంత, గుడ్డ పక్కనుంచి పోయి అన్నంలో పడి ఉంటే? స్వామికి ఎంగిలి పెట్టినవాడవుతాడు.

విస్తరాకు పక్కన పెట్టి గుండిగలోకి వంగి చూశాడు. పచ్చటి అన్నం మీద నూనె మెరుస్తోంది. మెరిసేదంతా నూనేనా అని మళ్ళీ చూశాడు. ఎంత చూస్తే అంత అనుమానం పెరిగింది.

వంటశాల గుమ్మం బయట అనంతపద్మనాభం చేతిలో గంటతో నిలబడి ఉన్నాడు. ఆ వేణుగోపాలస్వామి గుడికి పెద్ద అర్చకుడు, శ్రీపాదకు పెద్దనాన్న.

“ఏమైందిరా శ్రీపాదూ? నైవేద్యం టైమ్ అయింది.”

“మళ్ల వండుత పెద్దనాన్నా.”

ఆ మాటకు ఇంకెవరైనా అయితే విసుక్కునేవారు. ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. మంటపంలో కూర్చున్నవాళ్ళ వైపు తిరిగాడు. “చూసిండ్రా? మాదన్నపేట మండి ఎనక సందుల గిట్లాంటి మడి ఉన్నదంటే ఎవరన్న నమ్ముతరా? ఇంతంత అనుమానమొస్తే చాలు, గుండిగ గుండిగే ఆవుకు పెట్టేస్తడు. మావోనిది మడి అంటే మడి.”

మండిలో కూరగాయలమ్మే రుక్మాబాయి, స్వామికని తెచ్చిన కరివేపాకు కట్టను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ జోడించింది. “గసొంటి చెయ్యి వండంగ తినుడు మా నసీబు అయ్యగారూ.”

ఆవుల నసీబు ఇంకా బాగుంది. గుడి వెనక గుమ్మం దగ్గర అవి పొద్దున్నే వచ్చి నిలబడడం నేర్చుకున్నాయి, ఏ రోజు నైవేద్యం ఎవరి పాలవుతుందో వాటికే ముందు తెలుస్తుంది. శ్రీపాద గుండిగ వంచుతుంటే ఒక ఎర్రావు అతని మోచేతిని నాకబోయింది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. ఇప్పుడు మళ్ళీ స్నానం చెయ్యాలి. రోగానికి భక్తి అని పేరుపెడితే ఇక దానికి మందు అడిగే దిక్కుండదు. జనం దండం పెడుతుంటే లోపల ఎంత వణుకుతున్నాడో చెప్పుకోలేక, అతను ఆ దండాలను మోస్తూ తిరుగుతున్నాడు.

స్నానం చేసి, దండెం మీది మడి పంచెను కర్రతో దించి కట్టుకుని, మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చాడు. చింతపండు పిసుకుతుంటే పులుపు వేళ్ళ పగుళ్ళలోకి దిగి చురుక్కుమంది. ఉప్పు గుప్పిట్లోకి తీసుకుని ఒక్క క్షణం తూచినట్టు ఆగి, వేశాడు. దేవుడి వంట వండేవాడు రుచి చూడకూడదు, ఉప్పు చేతికే తెలియాలి. ఆ విద్య మాత్రం అతనికి బాగా వచ్చు. ఇన్నేళ్ళలో ఉప్పు తప్పిందని ఒక్కరూ అనలేదు.

మధ్యాహ్నం గుడి తలుపులు వేశాక ఇంటి పంచె కట్టుకుని, వంటశాల వెనక రాతి అరుగు మీద కూర్చుని గూట్లోంచి ఫోను తీశాడు. ఫోను ప్లాస్టిక్ సంచిలో ఉంటుంది. సంచి మీదనుంచే నొక్కుతాడు. అది ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు.

కడిగి కడిగి పుండ్లయిన చేతులకు మందు రాయమని పోతే, చర్మం డాక్టరమ్మే వేళ్ళు తిప్పి తిప్పి చూసి, ఇది చర్మం జబ్బు కాదని చెప్పి, మూసీ అవతల ఉన్న మనసు డాక్టర్ల దగ్గరికి పంపింది. వాళ్ళు ఫోనులో ఈ యాప్ వేసి ఇచ్చారు. మనిషి రోజూ అంతదూరం పోనక్కరలేదు. వర్షిత అనే సైకాలజిస్టు రోజుకో పని పెడుతుంది. పని చేసి, భయం ఎంత పుట్టిందో ఒక గీత మీద చుక్కను జరిపి చూపించాలి. భయం ఎక్కువైతే గీత ఎర్రబడుతుంది, దిగితే పచ్చబడుతుంది. చేతులు కడుక్కోకుండా, భయం దానంతటదే దిగేదాకా కూర్చోవడమే వైద్యం. వినడానికి ఇంతే. చేసేవాడికే తెలుస్తుంది.

“గుడిలో మీ ఆచారం మీది, దాని జోలికి నేను రాను,” అని వర్షిత మొదటి రోజే వీడియోలో చెప్పింది. “మనం ఇంటి సంగతే చూద్దాం. స్నానం చేసి మడి కట్టుకుంటే శుద్ధి అయినట్టే కదా, మీ లెక్క ప్రకారం?”

“అయినట్టేనమ్మా.”

“మరి?”

“నాకు అయినట్టు ఉండదు.”

ఆమె కలం పక్కన పెట్టింది. “ఇది తగ్గితే మొట్టమొదట ఏం చేస్తారు?”

శ్రీపాద ఆలోచించుకోలేదు. “నా బిడ్డకు చేత్తో అన్నం పెడ్త.”

ఆ మాటే ఇప్పుడు యాప్ తెరవగానే పైన కనిపిస్తుంది. తన్మయికి చేత్తో ముద్ద పెట్టాలి. ముద్ద పెడితే పిల్ల పెదాలు వేళ్ళకు తగులుతాయి. ఎంగిలి అంటుకుంటుంది. ఎన్నిసార్లు కడిగినా అది పోయిందని అతని మనసు ఒప్పుకోదు. తెల్లవారి అదే చేత్తో స్వామికి వండాలి. అందుకే పిల్లను ముట్టుకోవడం మానేశాడు. భార్య వండింది తినడమూ మానేశాడు. వంటశాలలోనే తనకింత వండుకుని తిని పోతాడు. మానడం ఒక్కొక్కటిగా వచ్చింది, ఎప్పుడు ఏది పోయిందో కూడా గుర్తులేదు. పిల్ల పెదాల మెత్తదనం మాత్రం ఇంకా వేలి కొసల్లో ఉంది. చింతపండు పిసికేటప్పుడు ఒక్కోసారి అదే గుర్తొస్తుంది.

ఉప్పుగూడ స్టేషను వెనక మేడ మీద రెండు గదుల ఇల్లు. శ్రీపాద మెట్లెక్కుతుంటే పైనుంచి తన్మయి గొంతు వినిపించింది.

“నాన్న వస్తుండు. అందరు జరుగుండ్రి, ముట్టుకోవద్దు.”

ఎవరితో అంటోందా అని చూస్తే, బొమ్మలతో. గుమ్మానికి అడ్డంగా ఉన్న గుడ్డబొమ్మను, ప్లాస్టిక్ ఏనుగును ఒళ్ళోకి ఎత్తుకుని గోడవారకు జరిగింది. ఒకటో తరగతి పిల్ల. ఆ పక్కకు జరగడంలో అలక లేదు, బాధ లేదు, వాన వస్తే చూరు కిందికి జరిగినంత మామూలుగా జరిగింది. పిల్ల ఖాళీ చేసిన దారిలోనే శ్రీపాద లోపలికి వచ్చాడు. పరుగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేస్తే విదిలించుకోవాల్సి వస్తుందని ఒకప్పుడు భయపడ్డాడు. ఇప్పుడు ఆ భయమే లేకుండా చేసింది పిల్ల.

ఆ రోజు పని తలుపు గొళ్ళెం పట్టుకోవడం. పాలవాడు, కరెంటువాడు, కింది వాటావాళ్ళు, అందరూ పట్టుకునే గొళ్ళెం. శ్రీపాద దాన్ని గుప్పిట్లో పట్టుకుని, వదిలి, చెయ్యి గాల్లో పెట్టుకుని చాప మీద కూర్చున్నాడు. గీత ఎర్రబడింది. స్నానాల గదిలో నల్లా కారుతున్న చప్పుడు రమ్మని పిలుస్తున్నట్టుంది. చెమటలు పట్టాయి.

అప్పుడు ఎడమచేత్తో ఫోను తీసి వర్షిత పంపిన ఒక పాత వాయిస్ మెసేజ్ మోగించాడు.

“పర్వాలేదు శ్రీపాదగారూ. ఏం కాదు. రేపు చేద్దాం.”

గుండె కాస్త కుదుటపడింది. మళ్ళీ మోగించాడు. సగంలో రైలు కూత వేసింది. మధ్యలో ఒక్క మాట వినపడకపోయినా మంత్రం చెల్లదు, మొదటినుంచి అందుకోవాల్సిందే. అందుకున్నాడు. తూర్పుకు తిరిగి కూర్చున్నాడు. ఇంకోసారి, ఇంకోసారి. గీత పచ్చబడింది.

లోపల బియ్యం చెరుగుతున్న సూర్యప్రభ చాట ఆపింది. “నల్లా బందైందని సంబరపడ్డ. ఇప్పుడు ఈ ఫోనుల మాట లొల్లి మొదలైంది.”

“డాక్టరమ్మ మాటనే కదనే.”

“డాక్టరమ్మ గన్నిసార్లు చెప్పిందా?”

శ్రీపాద ఫోను పక్కన పెట్టాడు. పని అయింది, చెయ్యి కడుక్కోలేదు, అది చాలదా అనుకున్నాడు. మరునాడు తన్మయి తాగిన గ్లాసు పట్టుకున్నాడు. ఆ మరునాడు ఆమె పడుకునే బొంత మీద కూర్చున్నాడు. ప్రతిసారీ గీత ఎర్రబడింది, ప్రతిసారీ వర్షిత గొంతు దాన్ని పచ్చబరిచింది. శనివారం ఆమె నుంచి మెసేజ్ వచ్చింది. “చాలా బాగా చేస్తున్నారు. రేపు మీ కోరిక తీర్చుకుందామా?”

గుడి నుంచి ఇంటికి నడిచే దారంతా అతని కుడిచేతి వేళ్ళు వాటంతట అవే ముద్ద కడుతున్నాయి. మండిలో టమాటా బండి పక్కన ఒకామె కాలి మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని పెరుగన్నం పెడుతోంది. వాడు తల అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు ముద్ద వెంటపడుతోంది. శ్రీపాద అక్కడే నిలబడిపోయాడు. వాడు నోరు తెరిచినప్పుడల్లా ఆమె నోరూ తెరుచుకుంటోంది. తన నోరు కూడా తెరుచుకుని ఉందని, వెనకనుంచి ఆటోవాడు “జరా బాజూకు, భాయ్” అన్నప్పుడు గానీ అతనికి తెలియలేదు.

ఆదివారం సూర్యప్రభ పప్పు, అన్నం వండి కంచంలో పెట్టి, నెయ్యి వేసి తెచ్చింది. తన్మయి అప్పటికే పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తల దువ్వుకుంది. చేతులు రెండూ ఒళ్ళో మూసి పెట్టుకుంది.

శ్రీపాద అన్నం కలిపాడు. వేడివేడి అన్నం మెతుకులు వేళ్ళ మధ్య నలుగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముద్ద కట్టాడు. చెయ్యి చాపబోయాడు. చాపలేకపోయాడు. తెల్లవారి వంటశాల, గుండిగ, స్వామి ముందు గంట, అన్నీ కళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డాయి. ఎడమచేత్తో ఫోను నొక్కాడు. సంచి మీద నెయ్యి మరక పడింది, పలకలేదు. తుడిచి మళ్ళీ నొక్కాడు. ముద్ద మీద ఆవిరి పోయింది.

తన్మయి అతన్నే చూస్తోంది. “నేను చెప్పనా నాన్నా?”

“ఏంది?”

పిల్ల వీపు నిటారుగా పెట్టుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. “పర్వాలేదు శ్రీపాదగారూ. ఏం కాదు. రేపు చేద్దాం.” గొంతు అచ్చం వర్షితదే. ఊపిరి తీసుకునే చోటు కూడా అదే. అప్పజెప్పడం అయ్యాక, మూసిపెట్టుకున్న చేతులు విప్పి ముందుకు చాపి, రెండు వైపులా తిప్పి చూపించింది. “నేను గూడ మస్తు కడుక్కున్న. సూడు, మడైన.”

చిన్న వేళ్ళు. కణుపుల దగ్గర చర్మం తెల్లగా పొలుసు కట్టింది. చూపుడు వేలి పక్కన సన్నగా చీలి ఎర్రగా ఉంది. శ్రీపాద ఆ వేళ్ళను చూసి, తన వేళ్ళను చూసుకున్నాడు.

చేతిలో ముద్ద కంచంలో పడింది. లేచి బాల్కనీలోకి పోయి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తన రోగం తన చేతుల దగ్గరే ఆగిందని, మిగతావాళ్ళను అంటకుండా తాను కాపాడుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

సూర్యప్రభ ఫోనును సంచిలోంచి బయటికి లాగింది, సంచిని చెత్తబుట్టలో పడేసింది, వర్షితకు తానే మెసేజ్ పెట్టింది. తర్వాత కూర్చుని ఆ కంచంలో అన్నం పిల్లకు తినిపించింది.

సోమవారం మధ్యాహ్నం వీడియోలో వర్షిత కనిపించింది. సూర్యప్రభ ఫోను పట్టుకుని గుడి వెనక అరుగు మీద శ్రీపాద పక్కన కూర్చుంది. జరిగిందంతా ఆమే చెప్పింది.

“ఏ మెసేజ్? ఒకసారి వినిపించండి,” అంది వర్షిత. విన్నాక కనుబొమలు ముడిచి, తన దగ్గర పాతవి వెనక్కి తిప్పి చూసుకుంది. “శ్రీపాదగారూ, ఇది నేను ఎప్పుడన్నానో గుర్తుందా? ఒకరోజు మీరు టాస్క్ మర్చిపోయి సారీ చెప్పారు. దానికి అన్న మాట. అంతే. ఎంగిలికీ దీనికీ సంబంధమే లేదు.”

శ్రీపాద తల వంచుకున్నాడు. అతనికి అది తెలుసు. తెలిసే దాన్ని తీర్థంలా దాచుకున్నాడు.

“తప్పు నాది కూడా,” అంది ఆమె. “గీత పచ్చబడుతుంటే నేను సంతోషపడ్డాను. ఎట్లా పచ్చబడుతోందో అడగలేదు. నీళ్ళు పోసుకుంటే భయం దిగేది. ఇప్పుడు నా మాట పోసుకుంటున్నారు. రెండూ ఒకటే.”

“నేను మొన్ననే అన్న,” అంది సూర్యప్రభ. గొంతులో గెలిచిన సంబరం లేదు.

“మరి పాప?” అన్నాడు శ్రీపాద.

“ఈ వారం తీసుకురండి, నేను చూస్తాను. కానీ ఆమె నా దగ్గరకంటే మీ దగ్గరే ఎక్కువ నేర్చుకుంటుంది. ఆ మెసేజ్ తీసెయ్యండి. నేను కూడా ఇకమీద ఆ మాట అనను.”

అతని వేలు ఫోను మీదికి పోయి ఆగింది. ఇక దాచుకోలేక అడిగేశాడు. “ఒక్కటి చెప్పమ్మా. బిడ్డ ఎంగిలైన చెయ్యి స్నానం చేసినంక వండితే, స్వామికి అపచారం కాదు కదా?”

కాదని చెప్పాలనే వర్షితకు ఉందని, ఆపుకుంటోందని ముఖంలో కనిపించింది.

“ఏమో శ్రీపాదగారూ. నాకు తెలియదు. అది తెలియకుండానే మీరు ముద్ద పెట్టాలి.”

డాక్టరు నోట అట్లాంటి మాట వస్తుందని అతను అనుకోలేదు. ఆసరాకు పట్టుకున్న కర్ర కాస్తా లాగేసినట్టనిపించింది. మెసేజ్ తీసేశాడు. సాయంత్రం పూజకు ప్రసాదం చేస్తున్నంతసేపూ చెవుల్లో ఆ గొంతు లేని ఖాళీ హోరుమంది. పొంగలి గిన్నె దించగానే అనుమానం లేచింది. మళ్ళీ వండనా అని గరిటె పట్టుకుని నిలబడ్డాడు. సూర్యప్రభ గుమ్మంలో లేదు, ఫోనులో మాట లేదు, పిల్ల వేళ్ళు మాత్రం కళ్ళ ముందున్నాయి. విస్తరాకు కప్పేశాడు.

అనంతపద్మనాభం లోపలికి తొంగిచూశాడు. “అప్పుడే అయిందా? మంచిగ చూసినవారా?”

ఆయన అడిగింది మామూలుగానే. కానీ శ్రీపాదకు ఆ చూపులో ఏదో తగ్గినట్టు తోచింది. రేపటినుంచి మంటపంలో తన మడి గురించి చెప్పడానికి ఆయనకు ఏమీ ఉండకపోవచ్చు.

“చూసిన పెద్దనాన్నా. తీస్కపోండ్రి,” అన్నాడు. గంట మోగింది. బయట ఆవులు కాసేపు ఎదురుచూసి మండి వైపు నడిచాయి.

ఇంటికి వచ్చేసరికి సూర్యప్రభ కంచం పెట్టి ఉంచింది. అదే పప్పు, అదే అన్నం. పెట్టి వంటింట్లోకి పోయింది. శ్రీపాద కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని అన్నం కలిపాడు.

“తన్మయీ, రా బిడ్డా. అన్నం తిందువు.”

గోడవార బొమ్మలతో ఉన్న పిల్ల కంచాన్ని చూసింది, అతని చేతిని చూసింది. లేచి గబగబా స్నానాల గదిలోకి పరుగెత్తింది. నల్లా చప్పుడైంది. నీళ్ళు ధారగా పడుతున్నాయి, ఆగడం లేదు. లోపలినుంచి సన్నగా గొణుగుడు వినిపిస్తోంది. పర్వాలేదు, ఏం కాదు, రేపు చేద్దాం.

తన నల్లా చప్పుడు ఇంట్లోవాళ్ళకు ఎట్లా వినిపించేదో శ్రీపాదకు మొదటిసారి తెలిసింది. కంచం ముందునుంచి లేచాడు. చేతినిండా పప్పన్నం. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆ చేత్తోనే నల్లా పట్టుకుని కట్టేశాడు. ఇత్తడి తల మీద మెతుకులు అంటుకున్నాయి. రేపు పొద్దున స్నానానికి తాను తిప్పాల్సింది ఆ నల్లానే.

“ఇంకా గాలే నాన్నా,” అంది తన్మయి, తడిచేతులు పైకి పట్టుకుని.

“చాలు. నేను గూడ కడుక్కోలే.”

పిల్ల అతని చేతి వైపు అనుమానంగా చూసింది. మెతుకులు, నెయ్యి, పసుపు. “గట్లనే తినొచ్చా? ఏం కాదా?”

నాలుక చివరికి వచ్చింది ఆ మాట. ఇంతకాలం తాను ఆకలిగొన్నట్టు వెతుక్కున్న మాట, చెబితే పిల్ల మొహం వెంటనే విచ్చుకునే మాట. శ్రీపాద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమచేత్తో ఆమె తడివేళ్ళు పట్టుకున్నాడు. చల్లగా, గరుకుగా ఉన్నాయి.

“ఏమో బిడ్డా,” అన్నాడు. “తిని చూద్దాం.”

తన్మయి ఆలోచించింది. తర్వాత నోరు తెరిచింది. అతని నోరు కూడా తెరుచుకుంది. ముద్ద పెద్దదైంది, సగమే పట్టింది. పెదాలు అతని వేళ్ళను ఒత్తుకుని వదిలాయి, తడిగా, వెచ్చగా. మిగిలిన సగాన్ని పిల్ల తన తడిచేత్తో అతని చేతిలోంచి తీసుకుని, ఏమంత పెద్ద విషయం కానట్టు, అతని నోట్లో పెట్టింది.

భయం వచ్చింది. తోసుకుంటూ వచ్చి గొంతు దగ్గర కూర్చుంది. దాన్ని దించే మాట ఎవరూ చెప్పలేదు. నల్లా పక్కనే ఉంది. శ్రీపాద కళ్ళు మూసుకుని, భయాన్ని ఉండనిచ్చి, నోట్లో ఉన్నదాన్ని నమిలాడు. కందిపప్పు, నెయ్యి, ఎండుమిరపకాయ ఘాటు. సూర్యప్రభ చేతి వంట. ఈ రుచి ఒకటుందని మరిచేపోయాడు.

నమిలి మింగి, కళ్ళు తెరిచాడు.

“పప్పుల ఉప్పు తక్కువైంది,” అన్నాడు.

వంటింటి గుమ్మంలో సూర్యప్రభ గరిటె పట్టుకుని నిలబడిపోయి ఉంది. ఒకప్పుడైతే ఆ మాటకు ఆమె తిరిగి నాలుగు మాటలు అనేది. ఇప్పుడు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఏమన్నరు? మళ్ల అనుండ్రి.”

శ్రీపాద చెప్పబోయి, ఆగి, తన్మయికి ఇంకో ముద్ద కలుపుతూ తల అడ్డంగా ఊపాడు.

“ఒక్కసారే చెప్త.”